రాక్ అండ్ రోల్ ప్రచారకుడు అలన్ ఫ్రీడ్

లోకమునందలి వస్తువులలో కొన్ని పంచిపెట్టిన కొలది తరుగును. కొన్ని పంచిపెట్టిన కొలది పెరుగును. విద్య యీ రెండవ తెగకు చెందినదని పెద్దలు చెప్పుదురు. సంగీతమును అట్టిదే. తన మనస్సునకు హత్తుకొనిన పాటను ఒంటరిగా విని యూరకుండగలవాడు అరుదు. మన తెలుగు పల్లెలలో ఒక యింటికి గ్రామఫోను పెట్టె వచ్చినయెడల, నాటక పద్యముల ప్లేట్లు వినుటకై ఆ యింటి అరుగుమీదను ముంగిటను ఇరుగుపొరుగువా రెల్లరు గుమిగూడెడివారు. ప్లేటు కొన్నవానికి ఆ పద్యము వినుటవలన కలుగు సంతోషముకంటె, దానిని విని ప్రక్కవాడు తల యూపుట చూచినప్పుడు కలుగు సంతోషమే యెక్కువగా నుండెడిది.

ఇట్లు తాను మెచ్చిన పాటలను పదిమందికి వినిపించుటయే వృత్తిగా గైకొని, ఆ వృత్తివలననే మిక్కిలి కీర్తిని, ఆ వృత్తివలననే మిక్కిలి అపకీర్తిని పొందిన యొక అమెరికావాసి కలడు. ఆయన పేరు అలన్ ఫ్రీడ్. ఆయన పేరొందిన గాయకుడు కాడు; గొప్ప వాద్యకారుడును కాడు. అయినను నేడు లోకమంతటను రాక్ అండ్ రోల్ అని పిలువబడు సంగీతమున కా పేరు వ్యాపించుటకు ముఖ్యకారకు డాయనయే. ఆయన ఉన్నతికిని పతనమునకును మూల మొక్కటియే. అది శ్రోతలు ఆయన మాటయం దుంచిన నమ్మకము. ఆ కథను ఇచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాను.

ఫ్రీడ్ 1921వ సంవత్సరము డిసెంబరు 15వ తేదీన పెన్సిల్వేనియా రాష్ట్రములో జాన్స్‌టౌన్ పట్టణమునకు సమీపముననున్న విండ్‌బర్ అను బొగ్గుగనుల యూరిలో జన్మించెను. తండ్రి యూదుడు, పరదేశమునుండి వచ్చి అమెరికాలో స్థిరపడినవాడు. తల్లి వేల్సు దేశపు సంతతికి చెందినది. 1933లో ఆ కుటుంబము ఒహాయో రాష్ట్రములోని సేలం పట్టణమునకు తరలిపోయెను. అచ్చటి ఉన్నత పాఠశాలలో చదువుచుండగనే బాలుడైన ఫ్రీడ్ ట్రాంబోను అను పెద్ద ఇత్తడి బాకాను ఊదుట నేర్చి, తోడి విద్యార్థులతో గూడి యొక వాద్యబృందమును నడపెను. పెద్దవాడైన పిమ్మట గొప్ప వాద్యబృందమునకు నాయకుడు కావలెనని యాతని కోరిక. కాని చెవికి సోకిన వ్యాధి యా కోరికను నెరవేరనీయలేదు. తాను వాయింపలేని సంగీతమును ఇతరులు వాయింపగా విని లోకమునకు వినిపించుటయే యాతనికి ప్రాప్తమయ్యెను.

1940లో ఉన్నత పాఠశాల చదువు ముగించి ఫ్రీడ్ ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమున చేరెను. రేడియోయం దాతనికి ఆసక్తి పుట్టిన దచ్చటనే. రెండవ ప్రపంచయుద్ధ కాలమున కొంతకాలము సైన్యములో పనిచేసెను. పిమ్మట చిన్న చిన్న రేడియో కేంద్రములలో వార్తలు చదువుచు, ఆటల వివరములు చెప్పుచు, 1945లో ఆక్రన్ నగరములోని డబ్ల్యు.ఏ.కె.ఆర్. అను కేంద్రమున చేరి ప్లేట్లు వేయువాడుగా పేరుపొందెను. ఇట్టి పనివానిని అమెరికావారు డిస్క్ జాకీ యందురు. ప్లేటును ఎంచుట, దానిని గూర్చి నాలుగు మాటలు చెప్పుట, దానిని మ్రోగించుట, ఇదియే యాతని పని. పని చిన్నదిగా తోచును. కాని వేలకొలది శ్రోతలు కంటితో చూడని యా మనుష్యుని అభిరుచిని నమ్మి, మరునాడు అంగడికి పోయి తమ చేతిసొమ్ముతో ఆ ప్లేటును కొనుచుందురు. కావున నా చిన్నపనియందు పెద్ద అధికారము దాగియున్నది.

ఆ కాలమునందే ప్లేట్ల స్వరూపము మారుచుండెను. అంతవరకు వాడుకలోనున్నవి నిమిషమునకు 78 మారులు తిరుగు లక్క ప్లేట్లు. ఒక్కొక్క ప్రక్క మూడు నాలుగు నిమిషముల సంగీతము మాత్రమే పట్టెడిది. దీర్ఘమైన సంగీతమును అనేక ప్లేట్లమీద ఎక్కించి, ఛాయాచిత్రముల పుస్తకమువలె అట్టలు గల సంచుల పుస్తకములో నుంచి అమ్మెడివారు. ఆల్బము అను పేరు దానినుండియే వచ్చెను. 1948లో కొలంబియా కంపెనీవారు నిమిషమునకు 33⅓ మారులు తిరుగు దీర్ఘమైన ప్లేటును తెచ్చిరి. అంతకుముందు పుస్తకమంతయు నిండిన సంగీతము ఒక్క ప్లేటులో నిమిడిపోయెను. అయినను ఆల్బమను పేరు మాత్రము నిలిచిపోయెను. 1949లో ఆర్.సి.ఏ. విక్టర్ కంపెనీవారు 45 మారులు తిరుగు చిన్న ప్లేటును తెచ్చిరి. తేలికయై, పగులని పదార్థముతో చేయబడిన యా చిన్న ప్లేటు బడి పిల్లల చేతిసంచిలో నిమిడెడిది. స్నేహితుని యింటికి తీసికొనిపోయి వినిపించుటకు అనువైనది గావున, యువజనులలో పాటలను పంచుకొను నలవాటున కది మిక్కిలి తోడ్పడెను.

అయితే పాటలు పంచుకొనుటకు అమెరికాలో గొప్ప యడ్డుగోడ యొకటి యుండెను. అది వర్ణభేదము. నల్లజాతివారు పాడిన పాటలకు వేరు ప్లేట్లు, వేరు పట్టికలు, వేరు రేడియో కేంద్రములు ఏర్పడియుండెను. వానిని జాతి ప్లేట్లని పిలుచుచుండిరి. 1949లో బిల్‌బోర్డ్ అను వర్తకపత్రిక యా పేరు తీసివైచి రిథం అండ్ బ్లూస్ అను పేరు పెట్టెను. పేరు మారినను గోడ మాత్రము నిలిచియేయుండెను. తెల్లజాతి గృహములలోని బాలబాలికలు తమ పట్టణములోనే పాడబడుచున్న మంచి పాటలను వినకయే పెరుగుచుండిరి.

ఈరీ సరస్సు తీరమున ఒహాయో రాష్ట్రములో క్లీవ్‌లండ్ అను గొప్ప పారిశ్రామిక నగరము కలదు. దక్షిణ రాష్ట్రములనుండి పనులకై తరలివచ్చిన నల్లజాతివారు ఆ నగరమున వేలకొలదిగా నివసించుచుండిరి. అచ్చట లియో మింట్జ్ అను వర్తకుడు రికార్డ్ రాండెవూ అను ప్లేట్ల దుకాణము నడపుచుండెను. కొనగోరువారు ముందుగా ప్లేటును వినుటకు ఆ దుకాణమున వీలుండెను. తెల్లజాతి పడుచువారు గూడ రిథం అండ్ బ్లూస్ ప్లేట్లను అడిగి విని, కాళ్లతో తాళము వేయుచు ఆనందించుట మింట్జ్ కనిపెట్టెను. ఈ సంగతి నాతడు ఫ్రీడ్‌కు తెలిపి, ఆ ప్లేట్లనే రేడియోలో వేయుమని ప్రోత్సహించి, కార్యక్రమమునకు కావలసిన ధనసహాయమును గూడ చేసెను. దుకాణదారునకు వ్యాపారము, వ్యాఖ్యాతకు క్రొత్త సంగీతము, శ్రోతలకు వినని పాటలు, ఇట్లు మువ్వురకును మేలు కలిగెను. దుకాణము ఖర్చు పెట్టుచున్నదను సంగతి యెల్లరకు తెలిసినదే గావున ఇందు దాపరిక మేమియు లేదు. ఈ విషయమును పాఠకులు జ్ఞాపకముంచుకొన వలెను.

1951వ సంవత్సరము జూలై 11వ తేదీ రాత్రి క్లీవ్‌లండ్ నగరములోని డబ్ల్యు.జె.డబ్ల్యు. కేంద్రమునుండి ఫ్రీడ్ ఈ క్రొత్త కార్యక్రమమును ఆరంభించెను. దానికి మూన్‌డాగ్ అను పేరు పెట్టెను. అంతవరకు రేడియో వ్యాఖ్యాతలు మెల్లగా, పెద్దమనుష్యుల సభలో మాటలాడునట్లు మాటలాడెడివారు. ఫ్రీడ్ అట్లు చేయలేదు. పాట మ్రోగుచుండగా తానును ఉత్సాహము పట్టలేక బల్లమీద నున్న లావైన టెలిఫోను పుస్తకమును అరచేతితో తాళమునకు సరిగా చరచెడివాడు; ఆవుమెడ గంటను మ్రోగించెడివాడు; వాద్యకారుని ప్రోత్సహించుచు కేకలు వేసెడివాడు. వినువారికి ఆయన దూరముననున్న ఉద్యోగివలె గాక, ప్రక్కనే కూర్చుండి మంచి ప్లేటు దొరికినదని సంబరపడు స్నేహితునివలె తోచెను. నల్లజాతివారును తెల్లజాతివారును వేరు వేరు పేటలలో తమ తమ యిండ్లలో నుండి అదే రాత్రి అదే పాటను వినుచుండిరి. గోడలు పగులగొట్టకయే పాట గోడ దాటిపోయెను.

1952వ సంవత్సరము మార్చి 21వ తేదీన క్లీవ్‌లండ్ అరీనా అను క్రీడాశాలలో ఫ్రీడ్, మింట్జ్ మొదలగువారు మూన్‌డాగ్ పట్టాభిషేకమను పేరుతో గొప్ప సంగీతనృత్య సభ నేర్పాటు చేసిరి. ఆ శాలలో దాదాపు 10,000 మందికి మాత్రమే చోటు కలదు. కాని అందుకు రెట్టింపు జనము వచ్చిరి. తలుపులు విరిగెను, త్రొక్కిసలాట జరిగెను. మొదటి పాటలు మ్రోగుచుండగనే అధికారులు సభను నిలిపివేసిరి. తరువాత రేడియోలో ఫ్రీడ్ శ్రోతలకు క్షమాపణ చెప్పుకొనెను. సభ చెడినను, దానివలన యొక సత్యము వెల్లడియయ్యెను. ఎవరును లెక్కకు తీసికొనని సంగీతమును ప్రేమించువారు ఆ నగరమున ఎంతమంది కలరో లోకమునకు తెలిసెను. పెక్కుమంది చరిత్రకారులు దీనినే మొట్టమొదటి రాక్ అండ్ రోల్ సభగా నెంచుచున్నారు.

1953లో ఫ్రీడ్ నడపుచున్న కారు చెట్టునకు కొట్టుకొని, ముఖమునకును లోపలి యవయవములకును తీవ్రమైన గాయములు తగిలెను. ప్రాణము దక్కినది గాని దేహారోగ్యము ఎన్నడును మునుపటివలె కాలేదు. అయినను కోలుకొని మరల పనిలో ప్రవేశించెను.

1954వ సంవత్సరమున న్యూయార్కు నగరములోని డబ్ల్యు.ఐ.ఎన్.ఎస్. కేంద్రమువారు ఆయనను పిలిపించుకొనిరి. అచ్చట ఒక చిక్కు సంభవించెను. ఆ నగరపు వీథులలో నిలిచి తన సంగీతమును వినిపించుకొను లూయీ హార్డిన్ అను అంధుడైన సంగీతకర్త యొకడు కలడు. మూన్‌డాగ్ అనునది చాలకాలము నుండి ఆయన పెట్టుకొనిన పేరు. తన పేరును, తన సంగీతమును ఫ్రీడ్ అనుమతిలేక వాడుకొనుచున్నాడని హార్డిన్ వ్యాజ్యము వేసి గెలిచెను. న్యాయస్థానము వీథిలో నిలుచు నంధునకు 6,000 డాలర్లు ఇప్పించెను. ఫ్రీడ్ ఆ పేరును విడిచిపెట్టవలసివచ్చెను. అప్పు డాయన తన కార్యక్రమమునకు రాక్ అండ్ రోల్ అను పేరు నిలిపెను. ఈ మాట ఆయన కల్పించినది కాదు. అంతకుముందే నల్లజాతివారి పాటలలో వాడుకలోనున్నది. కాని దానిని ఒక సంగీతమునకు పేరుగా చేసి యెల్లరి నోట పలికించినవాడు ఫ్రీడ్.

ఆ దినములలో మరియొక దురాచారము కలదు. నల్లజాతి గాయకుడు చిన్న కంపెనీకి ఒక పాట పాడును. అది జనాదరణ పొందునట్లు కనబడగానే పెద్ద కంపెనీవారు తెల్లజాతి గాయకునిచే అదే పాటను మరల పాడించి అమ్ముదురు. రేడియో కేంద్రములు రెండవదానినే వేయును. మొదట పాడినవాడు మరుగున పడిపోవును. ఫ్రీడ్ ఈ పద్ధతిని అంగీకరింపలేదు. పాటను మొదట పాడినవాని ప్లేటునే వేయుట ఆయన నియమము. ఈ నియమమువలన ఎందరో గాయకుల స్వంత కంఠములు దేశమునకు వినబడెను. ఆయనకు కలిగిన కీర్తిలో సహేతుకమైన భాగ మిదియే యని చెప్పవచ్చును.

1955వ సంవత్సరము జనవరి 14, 15 తేదీలలో న్యూయార్కు నగరములోని సెయింట్ నికొలస్ అరీనాలో ఫ్రీడ్ జరిపిన సభలకు ఇరుజాతుల పడుచువారును వచ్చి ఒకేచోట నిలిచి వినిరి. అటుపిమ్మట బ్రూక్లిన్ పారమౌంటు నాటకశాలలో సెలవుదినములందు ఆయన జరిపిన ప్రదర్శనములకు వీథి చివరవరకు జనము బారులు తీరెడివారు. 1956, 1957 సంవత్సరములలో వచ్చిన కొన్ని చలనచిత్రములలో ఆయన తన పాత్రను తానే ధరించెను. లక్సెంబర్గు రేడియోద్వారా ఆయన కంఠము ఐరోపా ఖండమునందును వినబడెను.

ఇంతటి యాదరముతోబాటు విరోధమును పెరిగెను. ఈ సంగీతము పిల్లలను చెడగొట్టునని కొందరు తలిదండ్రులు భయపడిరి. వారి భయమున కొంతభాగము పిల్లల క్షేమమును గూర్చినదే. కాని కొంతభాగము జాతిద్వేషమునుండి పుట్టినది. 1957లో ఏ.బి.సి. టెలివిజనులో ఫ్రీడ్ నడపిన కార్యక్రమమున ఫ్రాంకీ లైమన్ అను నల్లజాతి బాలగాయకుడు ఒక తెల్లజాతి బాలికతో నృత్యము చేయుట కనబడెను. దక్షిణ రాష్ట్రముల కేంద్రములవారు ఆగ్రహించిరి. కొలదివారములలోనే ఆ కార్యక్రమము ఆగిపోయెను. 1958వ సంవత్సరము మే 3వ తేదీన బోస్టను నగరమున జరిగిన సభలో పోలీసులకును ఫ్రీడ్‌కును మాటపట్టింపు వచ్చెను. సభ ముగిసిన పిమ్మట వెలుపల కొట్లాటలు జరిగెను. అల్లరిని ప్రేరేపించెనని ఆయనమీద నేరము మోపిరి. తరువాత నా యభియోగమును విడిచిపెట్టిరి గాని, ఈలోగా ఫ్రీడ్ డబ్ల్యు.ఐ.ఎన్.ఎస్. కేంద్రమును విడిచి డబ్ల్యు.ఏ.బి.సి. కేంద్రమున చేరవలసివచ్చెను.

ఇంతవరకు చెప్పిన కష్టములు ఇతరులు తెచ్చిపెట్టినవి. ఇకమీద చెప్పబోవునది ఆయన తనకు తాను తెచ్చిపెట్టుకొన్నది.

1955లో చికాగో నగరములోని చెస్ కంపెనీవారు చక్ బెరీ అను నల్లజాతి గాయకుని మొదటి ప్లేటును వెలువరించిరి. మేబెలీన్ అను నా పాటను వ్రాసినవాడును పాడినవాడును బెరీయే. ఫ్రీడ్ దానిని రేడియోలో మాటిమాటికి వేసెను. అది దేశమంతట మారుమ్రోగెను. కాని ప్లేటు వెలువడినప్పుడు రచయితల పేర్లలో బెరీ పేరు ప్రక్కన ఫ్రీడ్ పేరును, రస్ ఫ్రాటో అను మరియొకని పేరును ఉండెను. పాట రచనలో వారికి పాలు లేదు. రచయితకు రావలసిన ప్రతిఫలములో మాత్రము పాలు వచ్చెను. మొదట పాడినవాని కంఠమునే వినిపింతునని నియమము పట్టినవాడు, మొదట వ్రాసినవాని సొమ్ములో భాగము తీసికొనెను. అంధుడైన హార్డిన్ వ్యాజ్యమునుండి నేర్చుకొనవలసిన పాఠమును ఆయన నేర్చుకొనలేదని దీనివలన తెలియుచున్నది.

ఈ దురభ్యాసమునకు అప్పటికే పేయోలా అను పేరు వాడుకలోనుండెను. చెల్లింపు అను నర్థముగల ఆంగ్లపదమునకు విక్ట్రోలా అను గ్రామఫోను పేరులోని తోకను తగిలించి ఈ మాటను కల్పించిరి. దాని పద్ధతి యిట్టిది. కంపెనీలు లెక్కకు మించిన ప్లేట్లను వెలువరించుచుండును. రేడియోలో మ్రోగినది అమ్ముడుపోవును. మ్రోగనిది అటకమీద పడియుండును. దినమునకు గంటలు ఇన్నియేగదా! కావున కంపెనీల ప్రతినిధులు వ్యాఖ్యాతలకు కవరులో డబ్బును, బహుమానములను, సలహాదారుని జీతమను పేరుతో చెక్కులను ఇచ్చి తమ ప్లేట్లను వేయించుకొనుచుండిరి. ఫ్రీడ్ ఒక్కడే యిట్లు చేయలేదు. ఆ వృత్తిలో నిది సర్వసాధారణమైయుండెను. తాను మెచ్చని పాటను డబ్బుకొఱ కెన్నడును వేయలేదని ఆయన వాదించెడివాడు. అది నిజమే కావచ్చును. అయితే శ్రోత కది తెలియుట యెట్లు? మెప్పునకును మూల్యమునకును నడుమ గీత చెరిగిపోయిన పిమ్మట, మెప్పు నిజమైనదైనను దానిని నిజమని నిరూపించుట వక్తకు సాధ్యము కాదు.

1959లో టెలివిజను ప్రశ్నోత్తర పోటీలలో సమాధానములు ముందుగా చెప్పియుంచుచున్నారను మోసము బయటపడి అమెరికా ప్రజలు ఉలికిపడిరి. తరువాత కాంగ్రెసు ప్రతినిధుల సభకు చెందిన ఉపసంఘము, ఓరెన్ హారిస్ అధ్యక్షతన, రేడియోలోని లంచముల సంగతి విచారింప బూనెను. కేంద్రముల యజమానులు తమ ఉద్యోగులచే తామెట్టి లంచములను తీసికొనలేదని వ్రాతమూలకముగా ఒప్పించుకొనుచుండిరి. డబ్ల్యు.ఏ.బి.సి. వారు ఆ కాగితమును ఫ్రీడ్ ముందుంచిరి. ఆయన సంతకము చేయ నిరాకరించెను. 1959 నవంబరులో ఉద్యోగము పోయెను. అదే కాలమున డిక్ క్లార్క్ అను మరియొక ప్రసిద్ధ వ్యాఖ్యాత, తనకు సంగీత వ్యాపారములలోనున్న వాటాలను వదలుకొని, విచారణలో నెమ్మదిగా సమాధానములు చెప్పి, తన స్థానమును నిలుపుకొనెను. ఫ్రీడ్ శత్రువులను ముందే చాలమందిని సంపాదించుకొనినవాడగుటచే ఆయనను ఆదుకొనువారు లేకపోయిరి.

1960లో న్యూయార్కు ప్రభుత్వమువారు వర్తకములో లంచము తీసికొనిన నేరముక్రింద ఆయనను, మరికొందరిని పట్టుకొనిరి. 1962 డిసెంబరులో రెండు అభియోగములను ఫ్రీడ్ ఒప్పుకొనెను. శిక్ష 300 డాలర్ల జరిమానాయు, అమలు జరుపని చెరసాల శిక్షయు మాత్రమే. శిక్ష చిన్నదే గాని నష్టము చిన్నది కాదు. లాస్ ఏంజెలెస్, మయామీ నగరములలోని రేడియో కేంద్రములలో కొంతకొంతకాలము పనిచేసెను గాని, మునుపటి స్థానము మరల దక్కలేదు. 1964లో ఆదాయపు పన్ను ఎగవేసెనని ప్రభుత్వమువారు దాదాపు 38,000 డాలర్లకు మరల నేరము మోపిరి. మద్యపానము ఆయన శరీరమును మునుపే గుల్లచేసియుండెను. 1965వ సంవత్సరము జనవరి 20వ తేదీన కాలిఫోర్నియాలోని పామ్ స్ప్రింగ్స్ పట్టణమున, కాలేయ మూత్రపిండ వ్యాధులచే ఫ్రీడ్ మరణించెను. అప్పటి కాయన వయస్సు 43 సంవత్సరములు. మహాజనమును కూడబెట్టినవాడు ఋణములలో మునిగి, దాదాపు అందరిచేతను మరువబడి కన్నుమూసెను.

అమెరికా కాంగ్రెసు 1960లో రేడియో చట్టమును సవరించెను. ఈ చట్టములోని మర్మము గమనింపదగినది. పాట వేయుటకు డబ్బు తీసికొనుటనే అది నిషేధింపలేదు. తీసికొన్నమాటను శ్రోతలకు చెప్పక దాచుటను నిషేధించెను. దాచినవారికి 10,000 డాలర్లవరకు జరిమానా, ఒక సంవత్సరమువరకు చెర విధింపవచ్చును. మింట్జ్ దుకాణపు ధనముతో బహిరంగముగా నడచిన క్లీవ్‌లండ్ కార్యక్రమమునకును, కవరులో ముట్టిన డబ్బునకును గల భేదము ఇదియే. మొదటిది శ్రోత యెరిగిన వ్యాపారము. రెండవది శ్రోత యెరుగని వ్యాపారము.

కాలము గడచిన కొలది ఫ్రీడ్ చేసిన మేలును లోకము మరల జ్ఞాపకము చేసికొనెను. 1986లో రాక్ అండ్ రోల్ కీర్తిశాల మొదటిసారిగా ప్రముఖుల నెన్నుకొన్నప్పుడు, ఆ మొదటి వరుసలోనే ఆయన పేరును చేర్చిరి. ఆ కీర్తిశాల భవనము 1995లో క్లీవ్‌లండ్ నగరముననే తెరువబడెను. ఆ నగరమునకు ఆ గౌరవము దక్కుటకు ఫ్రీడ్ అచ్చట చేసిన పనియు ఒక కారణము. ఆయన చితాభస్మమును 2002 నుండి 2014 వరకు ఆ భవనములో నుంచిరి. పిమ్మట 2016లో అదే నగరములోని లేక్ వ్యూ శ్మశానమున, పాటల యంత్రపు ఆకారముగల స్మారకశిల క్రింద శాశ్వతముగా నుంచిరి. విచిత్రమేమనగా, కీర్తిశాలలో ఆయన పేరు చేరిన 1986వ సంవత్సరముననే మేబెలీన్ పాట రచయితల పేర్లలోనుండి ఆయన పేరు తొలగింపబడి, హక్కులన్నియు చక్ బెరీకి చెందెను. తనది కాని చోట నుండి పేరు పోయెను. తనదైన చోట పేరు నిలిచెను. ఆలస్యమైనను న్యాయము రెండువిధముల జరిగినదని చెప్పవలెను.

ఫ్రీడ్‌ను గూర్చి తీర్పు చెప్పునప్పుడు ఒక్క ప్రక్కనే చూచుట తగదు. వర్ణభేదము రాజ్యమేలుచున్న దేశములో, తన వృత్తికి హాని కలుగునని తెలిసియు, నల్లజాతివారి పాటను తెల్లజాతివారి గృహములకు చేర్చిన ధైర్య మాయనది. అది యెవరును కాదనలేరు. వీథి గాయకుని పేరును, పాటకాని సొమ్మును, శ్రోతల నమ్మకమును తనవిగా భావించి వాడుకొనిన లోపమును ఆయనదే. ఒక దానిని చెప్పి రెండవదానిని దాచినయెడల మనమును దాపరికమే చేసినవార మగుదుము.

ప్రియ విద్యార్థి సోదర సోదరీమణులారా! నేడు ప్లేట్లకై అంగడికి పోవ నక్కరలేదు. చేతిలోని ఫోనులో లక్షల పాటలు కలవు. అయినను ఏ పాట వినవలెనో తెలిసికొనుటకు మనము నేటికిని స్నేహితుని మాటనే యడుగుచున్నాము. వసతిగృహములో రాత్రి చదువైన పిమ్మట మీకు నచ్చిన ఆల్బమును తోటివానికి వినిపించునప్పుడు, కొలదిపాటిగానైనను ఫ్రీడ్ చేసిన పనినే మీరును చేయుచున్నారు. ఆయనవలె ఉత్సాహముతో పంచుడు. ఏ జాతివాడు పాడెను, ఏ భాషవాడు పాడెను అని వెనుకాడక పంచుడు. పాడినవాని పేరును, వ్రాసినవాని పేరును మరువక చెప్పుడు. మీ మెప్పు వెనుక బహుమానమో లాభమో యున్నయెడల దానిని గూడ నోరారా చెప్పుడు. మంచి పేరు గొప్ప ఐశ్వర్యముకంటె కోరదగినదని సొలొమోను సామెతల గ్రంథమున మనము చదువుచున్నాము. ఆ మాటకు అలన్ ఫ్రీడ్ జీవితముకంటె స్పష్టమైన వ్యాఖ్యానము సంగీతలోకమున దొరకుట కష్టము.